బోర్లించిన ట్రేలు

ఆ రోజు ఆ ఇంటి ముందు ఉన్నవాళ్ళు: షామియానా కింద చాపల మీద కూర్చున్న మగవాళ్ళు పంతొమ్మిది మంది. మసీదు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు. లోపలి గదిలో ఆడవాళ్ళు. వాళ్ళ లెక్క సరిగ్గా దొరకలేదు, గుమ్మం ముందు విడిచిన చెప్పుల జతలు ఇరవై ఆరు. అందులో ఏడు జతలు మా ఫ్యాక్టరీ వాళ్ళవని నాకు తెలుసు, ఎందుకంటే మా క్లీన్‌రూమ్ బయట ఆ చెప్పులనే రోజూ చూస్తాను. ఉన్న వస్తువులు: బగారా అన్నం గిన్నె ఒకటి, దాల్చా గిన్నె ఒకటి, బియ్యం పోసిన గ్లాసులో గుచ్చిన ఊదుబత్తులు, గోడ మేకుకు వేలాడుతున్న నల్ల బురఖా, దాని కింద మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్. ఇంకా నేను.

శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డు మీంచి లోపలికి వెళ్తే వచ్చే ఒక చిన్న ఊళ్ళో, ఒక పెద్దావిడ చనిపోయిన నలభయ్యో రోజు జరిపిన ఫాతెహా ప్రార్థన అది. ఆమెను మేమంతా ఖాలా అని పిలిచేవాళ్ళం. ఉర్దూలో పిన్ని అని అర్థం. ఆమె పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఒక కాగితం మీద రాశాను. అది చాలు.

మా ఫ్యాక్టరీ మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. ఒక వైపు రేకుల గోడౌన్, ఇంకో వైపు ప్లాట్ల కోసం రాళ్ళు పాతిన చేను. మేం చేసేది ఎలక్ట్రోడ్లు. ఆసుపత్రిలో ఈసీజీ తీసేటప్పుడు, ఐసీయూలో మానిటర్‌కు కలిపేటప్పుడు ఛాతీ మీద అంటిస్తారే, ఆ గుండ్రటి స్టిక్కర్లు. పైన జాకెట్టుకు పెట్టే టిచ్‌బటన్ లాంటి గుండీ ఉంటుంది. కింద వెండి పూత పూసిన చిన్న బిళ్ళ. దాని మీద చల్లగా, తడిగా ఒక జెల్ చుక్క. గుండె నుంచి చర్మం దాకా వచ్చే సన్నటి కరెంటును వైరులోకి దాటించేది ఆ తడే. తడి ఆరితే మానిటర్ మీద గీత వణుకుతుంది, లేదా అసలు రాదు. మనిషి బాగానే ఉన్నా యంత్రం మొత్తుకుంటుంది. అందుకే వాటిని అల్యూమినియం పౌచ్‌లో గాలి చొరకుండా సీలు వేస్తాం.

నేను అక్కడ క్వాలిటీ ఇంజనీరును. బయోమెడికల్ చదివాను. చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఖాలా అప్పటికే తొమ్మిదేళ్ళుగా రెండో లైనులో ఉంది. కాంట్రాక్టు మీదే. ఆమె నంబరు పదిహేడు. ఆమె ప్యాక్ చేసిన ప్రతి డబ్బాలో ఒక చీటీ, చీటీ మీద ఆ నంబరు ఉండేవి.

మిషన్ జెల్ చుక్కలు వేసి వదిలిన ఎలక్ట్రోడ్లు ట్రేల మీద వరసగా వస్తాయి. వాటి మీద పల్చటి ప్లాస్టిక్ షీటు మూసి, పదేసి పౌచ్‌లో పెట్టి సీలు వేయడం ఆడవాళ్ళ పని. ఖాలా ఆ పదిని ఉర్దూలో లెక్కపెట్టేది. ఏక్ నుంచి నౌ దాకా మాస్కు లోపలే ఉండిపోయేవి. పదోది మాత్రం బయటికి వినబడేది. "దస్." మళ్ళీ కాసేపటికి, "దస్." కొత్తగా చేరిన అమ్మాయిలు ఆ శబ్దానికి తమ చేతులు కలుపుకునేవాళ్ళు. ఆమె సెలవు పెట్టిన రోజు లైను మెల్లగా నడుస్తుందని సూపర్‌వైజర్ చెప్తే నేను నమ్మలేదు. రిజిస్టరు తీసి చూశాను. నిజమే.

వాళ్ళెవరూ వాటిని ఎలక్ట్రోడ్లు అనరు, బిళ్ళలు అంటారు. జెల్ ఆరిన బిళ్ళకు ఖాలా పెట్టిన పేరు గుడ్డి బిళ్ళ. ట్రేను రెండు చేతులతో ఎత్తి ట్యూబులైటు కింద ఒక పక్కకు వంచేది. ఒక్క క్షణం చూసి, "గీ మూల నుంచి మూడోది గుడ్డిది, తియ్యుండ్రి" అని దించేది. తడి ఉన్న జెల్ మీద లైటు కన్నులా మెరుస్తుందనీ, లేనిది మెరవదనీ ఆమె లెక్క. నా దగ్గర దీనికి ఒక యంత్రం ఉంది. రెండు ఎలక్ట్రోడ్లను జెల్ వైపు కలిపి అంటించి, వాటి గుండా సన్నటి కరెంటు పంపి, ఎంత అడ్డు తగులుతుందో కొలుస్తుంది. ఒక్కో జతకు ఒకటిన్నర నిమిషం.

చేరిన రెండో వారంలో నేనొక పరీక్ష పెట్టాను. ఇరవై ఎలక్ట్రోడ్లు తెచ్చి, వాటిలో కొన్నింటిని ముందే కావాలని ఆరబెట్టి, ఆమె ముందు ఉంచాను. ఆమె నాలుగు ఏరింది. నేను ఆరబెట్టినవి మూడే. గెలిచాననుకున్నాను. ఇరవైనీ యంత్రం మీద పెట్టాను. ఆమె ఏరిన నాలుగూ ఫెయిలయ్యాయి. నాలుగోది మా మిషన్ నుంచే అలా వచ్చింది.

పక్కన సీలింగ్ మిషన్ దగ్గరుండే యాదమ్మ ఇదంతా చూసింది. ఆమె నోటికి మాస్కు అడ్డం కాదు. "సార్, ఇగ చెప్పుండ్రి. మీ మిషన్‌కు సలాం కొట్టాల్నా, మా ఖాలాకు కొట్టాల్నా?"

"నువ్వు ముందు సీలు సక్కగ కొట్టు యాదమ్మా," అంది ఖాలా. "సలాంలు తర్వాత."

నేను నవ్వి ఊరుకున్నాను. నాలుగోది కూడా ఫెయిలయిందని ఆమెతో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు ఆలోచించలేదు.

ఫెయిలైన బిళ్ళలను చెత్తలో వేయడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. జిగురు బాగుంటుంది కదా అనేది. కానీ అడగకుండా ఒక్కటి కూడా బయటికి తీసుకెళ్ళలేదు. డ్యూటీ దిగేటప్పుడు నా టేబుల్ దగ్గరికి వచ్చి అరచేతిలో చూపించేది. "గిది సచ్చిపోయిందే గద బేటా, తీస్కపోవాల్నా?" సరేనంటే అక్కడే వంగి చెప్పు అడుగున చిరిగిన చోట అంటించుకునేది. టిఫిన్ గిన్నె మూత లూజయితే దాని చుట్టూ మూడు అంటించింది. ఒక వానాకాలం ఆమె గొడుగుకు నేను లెక్కపెట్టినవి పదకొండు. "ఖాలా గొడుగుకు ఈసీజీ తీస్తాండ్రు" అని యాదమ్మ గేటు దాకా నవ్వుతూ పోయింది.

ఆమె నోట తరచుగా వచ్చే మాట ఒకటుంది. నెలాఖర్లో ఆర్డర్లు మీద పడి సూపర్‌వైజర్ "జల్దీ, జల్దీ" అని వెనక నిలబడితే, తల ఎత్తకుండా అనేది: "పరేషాన్ అయ్యేటోడు ఆడ మంచం మీద పండుకున్నడు. మనం గావొద్దు." ఆ మాట విని సూపర్‌వైజర్ కూడా రెండు నిమిషాలు నోరు మూసుకునేవాడు. రెండు నిమిషాలే.

ఇప్పుడు ట్రేల సంగతి.

ఒంటి గంటకు లంచ్ బెల్ కొడతారు. మిషన్ ఆగిపోతుంది. జెల్ పడి, ఇంకా షీటు మూయని ట్రేలు ఆ సమయానికి పది, పన్నెండు మిగిలిపోతాయి. మా క్లీన్‌రూమ్‌లో గాలి పొడిగా ఉంటుంది. తేమ లాగేసే యంత్రం రోజంతా తిరుగుతుంది. ఖాలా లంచ్‌కు వెళ్ళే ముందు ఒక్కో నిండు ట్రే మీద ఒక్కో ఖాళీ ట్రేను బోర్లించేది. పెళ్ళిలో వంట గిన్నెల మీద తాంబాళాలు మూసినట్టు. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పని పద్ధతి రాసిన మా కాగితాల్లో ఎక్కడా లేదు. తొమ్మిదేళ్ళుగా చేస్తోంది.

బయటి దేశం నుంచి ఒక కొనుగోలుదారు తరఫున ఆడిట్ చేసేవాళ్ళు వస్తున్నారని తెలిసిన నెల అది. నేను ఒక జాబితా రాసుకున్నాను. ఆడిట్‌లో పట్టుకోగలిగిన తప్పులు, మొత్తం ముప్పై ఒకటి. పద్దెనిమిదోది బోర్లించిన ట్రేలు. ఖాళీ ట్రే లోపలి వైపు దుమ్ము ఉండొచ్చు, దాన్ని తిప్పి జెల్ పైన పెడుతున్నారు, పద్ధతిలో రాసి లేదు. అలా రాసుకున్నాను. ఆ ఖాళీ ట్రేలను ఆమె ముందు స్పిరిట్‌తో తుడుస్తుందన్న సంగతి నా జాబితాలో లేదు. నేను చూడలేదు.

బెల్ కొట్టాక ఆమె దగ్గరికి వెళ్ళాను. "ఖాలా, ఇగ ఇట్ల బోర్లించొద్దు. ఆడిట్‌ల పట్టుకుంటరు."

"మూయకుంటె ఆరిపోతది బేటా. రొట్టె గాలికి పెడితె ఎట్లయితదో గట్లయితది."

"అరగంటల ఏం గాదు. నేను చూసిన, లెక్క గూడ చేసిన."

నిజానికి నేను చూసింది ఒక్క ఎలక్ట్రోడ్‌ను. అదీ నా ల్యాబ్ టేబుల్ మీద, మామూలు గాలిలో, కిటికీ పక్కన. అరగంట తర్వాత తూకం వేశాను, పెద్ద తేడా లేదు. ఒక నమూనా, తప్పు గది. మొదటి సంవత్సరం విద్యార్థి కూడా ఈ పొరపాటు చేస్తే మాస్టారు ఊరుకోరు.

ఆమె నన్ను ఒకసారి చూసింది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనబడతాయి అక్కడ. "నువ్వు సదువుకున్నోనివి. సరే," అని చేతిలో ఉన్న ట్రేను పక్కన పెట్టింది.

మూడు రోజుల తర్వాత లంచ్ సమయంలో అద్దంలోంచి లోపలికి చూస్తే ఖాలా ఒక్కతే ఉంది. గాలి వచ్చే జాలీకి వీపు ఆనించి, గౌను రెండు అంచులనూ చేతులతో పక్కలకు చాపి పట్టుకుని, ట్రేలకు అడ్డంగా నిలబడింది. తిండికి వెళ్ళలేదు. నాకు నవ్వొచ్చింది. మేనేజర్‌ను పిలిచి చూపించాను. ఆయనా నవ్వాడు. తర్వాత గంభీరంగా, "లేబరోళ్ళను లంచ్‌ల గూడ పనిచేపిస్తున్నమని రాసుకుంటరు, బయటికి పంపు" అన్నాడు.

నేనే వెళ్ళి పంపాను. లంచ్ బెల్ తర్వాత లోపల ఎవరూ ఉండొద్దని కూడా చెప్పాను. ఈ రెండు ఆజ్ఞల్లో ఏదీ కాగితం మీద పెట్టలేదు. నోటిమాటగా చెప్పాను. ఆమె టిఫిన్ క్యారియర్ తీసుకుని వేపచెట్టు కిందికి పోయింది. పోతూ ఒక్కమాటే అంది. "జర ఒక్కరోజు ఆ మిషన్ మీద పెట్టి సూడు బేటా, లంచ్ అయినంక."

చూడలేదు. ఆడిట్ పనుల్లో ఉన్నాను. ఆడిట్ బాగా జరిగింది. వాళ్ళు రెండో లైను శుభ్రతను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. మేనేజర్ నా భుజం తట్టాడు.

తర్వాత రెండు నెలలకు ఒక ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఐసీయూలో ఒక రోగికి మా ఎలక్ట్రోడ్లు అంటిస్తే మానిటర్ మీద గీత ఆగిపోయింది. అలారం మోగింది. నర్సులు పరుగెత్తారు, డాక్టరు వచ్చి ఛాతీ మీద చేతులు పెట్టబోయాడు. రోగి కళ్ళు తెరిచి ఏమైందని అడిగాడు. ఎలక్ట్రోడ్లు మూడుసార్లు మార్చాక గీత వచ్చింది. రోగికి ఏమీ కాలేదు. బయట కూర్చున్న ఆయన భార్య మాత్రం అలారం విని స్పృహ తప్పిందట. ఆ ఉత్తరం నేను చాలాసార్లు చదివాను. డబ్బా లోపలి చీటీని కూడా జత చేశారు. పదిహేడు.

విచారణ నాకే అప్పగించారు. మా దగ్గర దానికి ఒక ఫారం ఉంది. ఒక తప్పు జరిగితే ఎందుకు అని ఐదుసార్లు అడగాలి. ఒక్కో జవాబును మళ్ళీ ఎందుకు అని ప్రశ్నిస్తూ పోతే అసలు కారణం దొరుకుతుందని ఆ పద్ధతి. ఆ బ్యాచ్ నుంచి పరీక్ష కోసం పక్కన పెట్టి ఉంచిన నమూనాలు తీసి కొలిచాను. లంచ్ సమయంలో క్లీన్‌రూమ్‌లో ట్రే పెట్టి, మొదటిసారి సరైన గదిలో, నలభై ఎలక్ట్రోడ్లను తూకం వేశాను. జాలీ ముందున్న వరసల్లో జెల్ తడి సగానికి పడిపోయింది. ఆ సగం తడి లైటు కింద ఇంకా మెరుస్తుంది, ఖాలా కంటికి కూడా చిక్కదు. ఫారం నింపడం మొదలుపెట్టాను.

గీత ఎందుకు రాలేదు? జెల్ ఆరిపోయింది. ఎందుకు ఆరింది? సీలు వేయకముందే గాలికి తెరిచి ఉంది. ఎందుకు తెరిచి ఉంది? లంచ్‌లో ట్రేలు మూయలేదు. ఎందుకు మూయలేదు?

ఆ నాలుగో వరసలో నేను ఆపరేటర్ నిర్లక్ష్యం అని రాశాను. ఇంగ్లీషులో. నంబరు పక్కన ఆమె పేరు కూడా. ఐదో వరసలో ఒక అడ్డగీత గీశాను. మళ్ళీ జరగకుండా తీసుకునే చర్య అన్న చోట: ప్రతి ట్రేకూ ప్లాస్టిక్ మూత. ప్రతిపాదించినవారు అన్న చోట నా పేరు. ఇప్పుడు మా ఫ్యాక్టరీలో అన్ని ట్రేలకూ మూతలున్నాయి. అందరూ వాటిని మెచ్చుకుంటారు.

ఆపరేటర్ సంతకం కావాలి. ఆమెను ల్యాబ్‌లోకి పిలిచాను. ఆమె గౌను విప్పి, చేతులు కడుక్కుని వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఏం రాసినవ్ బేటా?"

"ఊకెనే ఖాలా, ఫార్మాలిటీ. అందరిది తీస్కుంటున్న."

అందరివీ తీసుకోవడం లేదు. ఆమె పెన్ను అందుకుంది. ఉర్దూలో సంతకం చేస్తుంది. గడి కుడి చివర పెన్ను ఆనించి ఎడమ వైపుకు రాసుకొచ్చింది. గడి సరిపోలేదు. చివరి అక్షరం నా పేరున్న గడిలోకి వచ్చింది. "ఖరాబ్ జేసిననా?" అని అడిగింది. లేదన్నాను.

ఆ వారం చివర లేబర్ కాంట్రాక్టర్ ఆమెను గేటు దగ్గరే ఆపాడు. నేను పైన కిటికీలోంచి చూశాను. మాటలు వినబడలేదు. ఆమె గొడవ చేయలేదు. టిఫిన్ క్యారియర్‌ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. కాసేపు నిలబడింది. తర్వాత ఇంటికి పోవడానికి శామీర్‌పేట వైపు ఆటో కోసం రోడ్డు దాటింది. యాదమ్మ ఆ రోజు లంచ్‌లో నా టేబుల్ దగ్గరికి వచ్చింది. "ఖాలా చేత పని ఖరాబయిందంట, దవాఖానల ఒకడు సావబోయిండంట, కాంట్రాక్టర్ గేటు కాడ అందరి ముంగట గట్లనే అన్నడు. నిజమేనా సార్?"

"ఇంకా చూస్తున్నం యాదమ్మా," అన్నాను.

"సూడుండ్రి సార్. మంచిగ సూడుండ్రి. మాకైతే నమ్మబుద్ధయితలేదు."

ఆ తర్వాత నేను ఖాలాను ఒక్కసారే చూశాను. ఒక ఆదివారం మిత్రులతో జింకల పార్కు వైపు వెళ్ళి తిరిగి వస్తుంటే శామీర్‌పేటలో బండి పంక్చరయింది. పంక్చర్ కొట్టు పక్కనే బస్టాపు. సిమెంటు బెంచీ మీద ఒక మూల ఆమె కూర్చుని ఉంది, ఒళ్ళో సీతాఫలాల సంచి. నేను ఇంకో వైపు తిరిగాను. ఆమె అప్పటికే చూసింది.

"ఓ బేటా! ఇటు రా, ఎండల కైకు నిలబడ్డవ్?"

వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె ఇప్పుడు ఒక నర్సరీలో మొక్కల సంచుల్లో మట్టి నింపుతోందట. గోళ్ళ చుట్టూ ఎర్రమట్టి. ఆ చేతులను నేను అంత దగ్గరగా, అంతసేపు చూడడం అదే మొదలు. సంచిలోంచి ఒక పండు తీసి రెండుగా విప్పి సగం నాకిచ్చింది. యాదమ్మ బిడ్డ పెళ్ళి కుదిరిందా అంది. కొత్త మిషన్ వచ్చిందటగా అంది. నేను గింజలు ఉమ్ముతూ జవాబులు చెప్పాను. తర్వాత కాసేపు రోడ్డు మీద పోయే లారీలను చూసింది.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్తవా?"

"అడుగు ఖాలా."

"ఆ పేషెంటుకు ఏం గాలే గద?"

"ఏం గాలే. ఇంటికి గూడ పోయిండు."

"అల్లా దయ." ఆమె చేతులు కొంగుతో తుడుచుకుంది. "మల్ల గది ఎందుకయింది? ట్రేలు తెరిచిపెట్టినందుకా? లేకుంటె నా చేతులనే ఏమన్న తేడా ఉన్నదా? వయసు మీద పడ్డది, కండ్లు మసకయితున్నయి, కావొచ్చు. నౌకరి మల్ల ఇయ్యమంటలేను. గది నక్కో. నా చేతి తప్పా కాదా, గదొక్కటి తెలిస్తె చాలు."

ఇక్కడ ఆగి నేను స్పష్టంగా రాయాలి. అప్పటికి రిపోర్టు ముగిసి పది వారాలయింది. కారణం నాకు తెలుసు. నలభై ఎలక్ట్రోడ్ల తూకాలు నా లాప్‌టాప్‌లో ఉన్నాయి. బెంచీ మీద మేమిద్దరమే ఉన్నాం. మేనేజర్ లేడు, ఆడిటర్ లేడు. చెప్తే నా ఉద్యోగానికి ఏమీ అయ్యేది కాదు. ఆమె ఎవరికి చెప్పుకునేది?

"ఇంకా టెస్టింగ్ నడుస్తాంది ఖాలా," అన్నాను. "తెలువంగనే యాదమ్మతోని చెప్పి పంపుత."

"హౌ? నడుస్తాందా?" ఆమె మొహం తేటపడింది. అది చూసి కూడా నేను కదలలేదు. "మంచిగ చెయ్యి బేటా, జల్దీ నక్కో. నేను ఆగుత."

బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు సంచిలోంచి ఇంకో రెండు పండ్లు తీసి నా చేతిలో పెట్టింది. నగరంలో సుచిత్ర సెంటర్ దగ్గరి నా గదికి వచ్చాక అవి కిటికీలో పండి, మెత్తబడి, కారిపోయాయి. పారేశాను.

ఆ తర్వాత నెలకో రెండు నెలలకో యాదమ్మ అడిగేది. "సార్, ఖాలా ఫోన్ జేసింది. టెస్టింగ్ అయిందా అంటాంది." మొదటిసారి ఇంకా కాలేదన్నాను. రెండోసారి కొత్త కెమికల్ రావాలన్నాను. మూడోసారి, "ఆమెకు వేరే పనేం లేదా?" అన్నాను. యాదమ్మ ఆ తర్వాత అడగలేదు. ఖాలా అడగడం మానిందో, యాదమ్మ నాకు చేర్చడం మానిందో తెలియదు.

ఒక సోమవారం లైను మీద ఎవరూ మాట్లాడుకోవడం లేదు. నిమ్ము చేసి, సర్కారు దవాఖానలో ఐదు రోజులుండి, ఖాలా పోయిందని యాదమ్మ చెప్పింది. మట్టి ఇవ్వడానికి నేను వెళ్ళలేదు. ఉత్పత్తి ఆగకూడదని ఇద్దరికే సెలవిచ్చాం. ఆ కాగితం మీద కూడా సంతకం నాదే.

నలభయ్యో రోజుకు మాత్రం యాదమ్మ వచ్చి పిలిచింది. "మీరు గూడ రావాలె సార్. మిమ్మల్ని మస్తు యాది చేసేది." ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె మొహం చూశాను. లేదు.

ఫాతెహా చదవడం అయిపోయాక భోజనాలు మొదలయ్యాయి. నేను చాప అంచున కూర్చున్నాను. గుమ్మంలోంచి ముప్పై ఏళ్ళ మనిషి ఒకామె పళ్ళెం పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది. కళ్ళు అవే. మాస్కు లేని ఖాలా మొహాన్ని నేను సరిగ్గా చూసింది ఆ బస్టాపులోనే. ఇప్పుడు మళ్ళీ ఆమె కూతుర్లో చూశాను.

"మీరేనా మిషన్ సారు?"

అవునన్నాను. ఆమె పళ్ళెం నా ముందు పెట్టి, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మీకి దవాఖానల మీ బిళ్ళలే పెట్టిండ్రు సార్. మీయేనో, ఇంకెవరియో. నర్సమ్మ అంటిచ్చబోతుంటె అమ్మీ చెయ్యి పట్టి ఆపింది. ఊపిరి ఆడుతలేదు, అయినా ఆపింది. బిళ్ళను లైటుకు పెట్టి సూసి, ఇది గుడ్డిది, ఇంకోటి తియ్యమన్నది. నర్సమ్మ కోపం జేసి గదే పెట్టింది. గీత రాలే. ఇంకోటి పెడితె వచ్చింది. నీకెట్ల తెల్సు అవ్వా అన్నది నర్సమ్మ. గీ పనే చేసిందమ్మా మా అమ్మీ, తొమ్మిదేండ్లు, అని నేను చెప్పబోయిన. అమ్మీ నా చెయ్యి వత్తింది. చెప్పనియ్యలే. ఊకెనే, అందాజుగ అన్న అని చెప్పింది నర్సమ్మకు."

నేను పళ్ళెంలోకి చూస్తున్నాను.

"గా టెస్టింగ్ అయిందా సార్? అడుగుమని చెప్పింది నాకు. మీరొస్తె అడుగుమన్నది."

"అయింది," అన్నాను. ఆమెకు మాత్రమే వినబడేంత మెల్లగా. "మీ అమ్మ తప్పు లేదు."

"జర గట్టిగ చెప్పుండ్రి సార్."

ఆమె గొంతులో కోపం లేదు. ఫ్యాక్టరీలో మిషన్ల రొదలో ఒకరి మాట వినబడకపోతే అంటామే, అలా అంది.

"లోపల మీ ఫ్యాక్టరీ ఆడోళ్ళున్నరు. బయట మా ఊరోళ్ళున్నరు. అమ్మీ చేత పని ఖరాబయిందన్నది అందరు ఇన్నరు. గిది గూడ ఇనాలె."

నేను లేచి నిలబడ్డాను. చాపల మీద చేతులు అన్నంలో ఆగాయి. గుమ్మంలోకి యాదమ్మ వచ్చింది, ఆమె వెనక ఇంకా కొందరు. మాస్కు పైన కళ్ళుగా మాత్రమే నాకు తెలిసినవాళ్ళు.

"ట్రేల మీద ట్రేలు బోర్లించొద్దని చెప్పింది నేను," అన్నాను. "ఆరిపోతయని ఖాలా చెప్పింది, నేను ఇనలే. బిళ్ళలు చెడిపోయింది దానితోనే. ఆమె చేతుల తప్పేం లేదు. రిపోర్టుల ఆమె పేరు రాసింది నేనే. తెలిసే రాసిన."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని అనిపించింది, అలా అనిపించడం కూడా తప్పించుకోవడమే. మసీదు నుంచి వచ్చిన పెద్దాయన తల వంచి గడ్డం నిమురుకున్నాడు. యాదమ్మ నన్ను చూడలేదు. లోపలికి తిరిగి, వినబడని వాళ్ళెవరికో ఆ మాటలనే మళ్ళీ మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. కూతురు కాసేపు బురఖా వేలాడుతున్న గోడ వైపు చూసింది. తర్వాత దాల్చా గరిటె అందుకుంది.

"కూసోండ్రి సార్. అన్నం సల్లారుతాంది."

కూర్చున్నాను. తిన్నాను. ఆమె రెండోసారి వడ్డించబోతే వద్దనలేకపోయాను.

ఆ ఫారాన్ని మళ్ళీ తెరవమని మేనేజర్‌కు ఉత్తరం పెట్టాను. జవాబు రాలేదు. వచ్చినా రాకపోయినా అది ఖాలాకు చేరే ఉత్తరం కాదు.

ఆ వాకిట్లో నిలబడి చెప్పిన మాటలను సుచిత్రకు తిరిగి వచ్చాక గదిలో ఒక్కణ్ణే కూర్చుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, అదే వేగంతో మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చెప్పి చూశాను. పద్నాలుగు సెకన్లు పట్టింది.